అడగని పాటలు

నా క్యాసెట్లలో నాకు ప్రాణమైన పాటలు చాలావరకు నేను అడిగి రికార్డు చేయించుకున్నవి కావు. సైడు చివర కాస్త టేపు మిగిలితే రికార్డింగ్ షాపాయన తనకు నచ్చి వేసినవి. అటక మీద నుంచి పెట్టె దించి, బాగు చేయించిన టేపు రికార్డర్‌లో ఒక్కోటీ పెట్టి వింటుంటే ఈ సంగతి స్పష్టంగా తెలుస్తోంది. అడిగి చేయించుకున్న పాటల మీద ఇష్టం తగ్గలేదు. అయినా సైడు చివరికొస్తున్నకొద్దీ చేతిలో పని ఆపేసి టేపు రికార్డర్ పక్కకి వచ్చి కూర్చుంటున్నాను.

ఆ రోజులు చూడనివాళ్ళ కోసం కొంచెం చెప్పాలి. ఎనభైల్లో మా రాజమండ్రిలో, ఆ మాటకొస్తే ఓ మాదిరి ఊళ్ళన్నిట్లోనూ, క్యాసెట్ రికార్డింగ్ షాపులుండేవి. కంపెనీ క్యాసెట్టు కొంటే అందులో ఉన్నవే వినాలి. అదే ఖాళీ క్యాసెట్టు కొనుక్కుని, కావలసిన పాటల పేర్లు చీటీ మీద రాసి షాపులో ఇస్తే, తమ దగ్గరున్న రికార్డుల మీంచి వరసగా ఎక్కించి ఇచ్చేవారు. ఆ చీటీ రాయడమే పెద్ద పని. హుషారు పాట పక్కన విషాదం పెట్టొచ్చా, ఒకే సినిమావి రెండు పాటలు వెంట వెంటనే వస్తే బాగుంటుందా, జానకిగారి పాటతో మొదలుపెట్టాలా బాలుగారితోనా అని అన్నయ్యా నేనూ అన్నాల వేళ దాకా వాదించుకునేవాళ్ళం. చీటీ ఇచ్చాక వారం పది రోజులు ఎదురుచూపు. పండగ సీజన్లో అయితే ఇంకా ఆలస్యం.

సి-90 క్యాసెట్టంటే సైడుకి 45 నిమిషాలు. అప్పటి సినిమా పాట నాలుగు, నాలుగున్నర నిమిషాలుండేది. ఎంత లెక్కేసి చీటీ రాసినా చివర రెండు మూడు నిమిషాల టేపు మిగిలిపోయేది. కొత్త పాట అందులో పట్టదు. పాత పాట పడుతుంది. పది అంగుళాల 78 ఆర్‌పీఎం గ్రామఫోన్ రికార్డు మీద ఒక వైపు సుమారు మూడు నిమిషాల పాటే పట్టేది మరి. నలభైల్లో, యాభైల్లో పాటలు కట్టినవాళ్ళు ఆ కొలత మనసులో పెట్టుకునే కట్టారు. మరీ పొడుగు పాటయితే రికార్డు రెండు వైపులా పంచేవారు. ఎప్పుడో నల్ల రికార్డు కోసం కుదించుకున్న ఆ పాటలు, మా క్యాసెట్లలో మిగిలిన జాగాలోకి అలా వచ్చి చేరాయి. మా ఇంట్లో పాత పాటలు అడిగే వయసున్న వాళ్ళు నాయనమ్మా తాతయ్యా మాత్రమే. అన్నయ్యకీ నాకూ అవి తెలిసింది ఈ దారిలోనే.

షాపాయనకి అప్పటికే నడివయసు దాటింది. "ఇంత టేపు ఉత్తినే పోనిస్తామా బాబూ" అనేవారు. మేం అడిగిన పాటల పేర్లు అట్ట మీద నీలం ఇంకుతో నంబర్లు వేసి రాసేవారు. తను వేసిన పాటకి నంబరుండదు. కింద ఎర్ర ఇంకుతో పాట మొదటి రెండు మాటలు, ఓ చిన్న చుక్క, అంతే. దానికి డబ్బులు తీసుకునేవారు కాదు. ఎలా ఉంది అని అడిగేవారు కూడా కాదు. తర్వాతిసారి వెళ్ళినప్పుడు మనమే చెప్తే, అవునా అని తల ఊపి ఇంకో రికార్డు తుడవడం మొదలుపెట్టేవారు.

అలా వచ్చిన మొదటి పాట 'మల్లీశ్వరి'లోని 'మనసున మల్లెల మాలలూగెనే'. బి.ఎన్. రెడ్డిగారు తీసిన 1951 నాటి సినిమా. దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు సినిమాకి మొదటిసారి పాటలు రాసింది దీనికే. సంగీతం సాలూరి రాజేశ్వరరావుగారు, పాడింది భానుమతిగారు. సైడంతా ఇళయరాజా పాటలు విన్నాక ఇది మొదలయ్యేది. డ్రమ్స్ లేవు, బేస్ గిటార్ లేదు, గొంతొకటే ముందుకొచ్చేస్తుంది. భానుమతిగారిది మెత్తటి గొంతు కాదు, అందులో ఒక బిగువుంది. అంత బిగువున్న గొంతు తగ్గించుకుని పాడుతుంటే వినేవాళ్ళకి కలిగే హాయే వేరు. ఎప్పుడూ మెత్తగా పాడేవాళ్ళ దగ్గర నాకది దొరకలేదు.

మా క్యాసెట్లో ఆ పాట పూర్తిగా లేదు. టేపు అయిపోయి చివర్లో తెగిపోయింది. పల్లవిలోని సంతోషం ఉంది. కొమ్మల మీద గువ్వలు సద్దు చేసినా, కొలనులో అలలు కదిలినా అతనే వచ్చాడనుకుని కన్నీళ్ళతో వెతుక్కున్న సంగతీ ఉంది. అంతవరకే. దాంతో చాలా ఏళ్ళపాటు నాకది బెంగ తీరిపోయిన పాట. ఎదురుచూసింది, అతను వచ్చాడు, ఇక హాయే. ఎప్పుడో పెద్దయ్యాక రేడియోలో మొత్తం విన్నాను. మా టేపు తెగిన చోటు దాటగానే, ఒక్క ఘడియ కూడా ఇక విడిచి వెళ్ళొద్దని ఆమె బతిమాలుతోంది, పొంగిన గుండెని పగలనివ్వొద్దంటోంది. చెప్పులు వేసుకుంటున్నవాణ్ణి అలాగే గడపలో నిలబడిపోయాను. అంత సంతోషంలోనూ ఆమెకి భయం ఉంది! మల్లికీ నాగరాజుకీ మధ్యన రాయలవారి అంతఃపురం అడ్డొచ్చిన కథ అది, ఆ భయం లేకపోతేనే ఆశ్చర్యం. కృష్ణశాస్త్రిగారు ఆ భయాన్ని ముందు చెప్పలేదు. సంతోషం నిండా పొంగనిచ్చి, చివరికి బయటపెట్టారు. మనకున్నదానికంటే పెద్ద సంతోషం వచ్చినప్పుడు ఎవరికైనా అలాగే ఉంటుంది కదా. ఇప్పుడు ఫోన్లో పూర్తి పాట ఉంది. వింటున్న ప్రతిసారీ ఆ చోటికి వచ్చేసరికి ఒళ్ళు జలదరిస్తుంది.

రాజేశ్వరరావుగారే పాడిన 'పాట పాడుమా కృష్ణా' ఇంకో క్యాసెట్టు చివర ఉంది. ఇది సినిమా పాట కాదు, విడిగా రికార్డు ఇచ్చిన లలిత గీతం. ఆయన్ని సంగీత దర్శకుడిగానే ఎరిగినవాళ్ళు ఈ గొంతు ఒకసారి వినాలి. సాలూరు దగ్గర శివరామపురంలో పుట్టి, 1935లో వచ్చిన 'శ్రీకృష్ణ లీలలు'లో చిన్ని కృష్ణుడిగా తెర మీద కనిపించిన పిల్లవాడు ఆయన. ఆ పిల్లవాడే పెద్దయ్యాక కృష్ణుణ్ణి పాట పాడమని అడుగుతున్నాడని తెలిశాక నాకు పాట ఇంకా దగ్గరైంది. ఆ గొంతులో గట్టిగా పట్టి చూపించే గమకం ఉండదు. స్వరం మీద అలా వాలి, నిలవకుండా పక్క స్వరానికి వెళ్ళిపోతుంది. తర్వాత రోజుల్లో ఆయన బాణీలు పాడిన గాయకులందరిలోనూ ఈ పోకడ నాకు వినిపిస్తుంది. సుశీలగారి పాటల్లో మరీను.

అసలు మా ఇంట్లో లలిత గీతాలంటే అమ్మ, అమ్మంటే రేడియో. విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. బాలాంత్రపు రజనీకాంతరావుగారి లాంటి వాగ్గేయకారులు అక్కడ కూర్చుని పాటలు రాసి, బాణీలు కట్టి, పాడించారు. భక్తిరంజని వస్తుంటే ఇంట్లో గట్టిగా మాట్లాడకూడదు. 'ఈ మాసపు పాట' వచ్చే వేళకి అమ్మ పెన్సిలూ పాత నోటుబుక్కూ పట్టుకుని రెడీగా ఉండేది. రేడియోలో వాళ్ళు ఒక్కో చరణం నేర్పుతుంటే సాహిత్యం రాసుకుని, పప్పులో పోపు వేస్తూ పాడుకునేది. మధ్యాహ్నం రేడియో సిలోన్‌లో మీనాక్షి పొన్నుదురైగారి తెలుగు వినడానికి పక్కింటి పిన్నిగారు కూడా వచ్చేవారు. పాటలకి ముందు ఆవిడ మాట్లాడే నాలుగు మాటలు కూడా పాటలాగే ఉండేవి. వాటిని టేపు చేసుకునే వీలు అప్పట్లో మాకు లేకపోయింది. నా పెట్టెలో లేనందుకు బాధపడే గొంతు అదొక్కటే.

నాయనమ్మ అడిగి చేయించుకున్న భక్తి పాటల క్యాసెట్టు చివర షాపాయన 'పుష్పవిలాపం'లోంచి కొంత వేశారు. కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రిగారి పద్యాలు, ఘంటసాలగారు విడిగా ఇచ్చిన రికార్డు. పూజకి పూలు కోయబోతే ఆ పూలే మనిషితో మొరపెట్టుకునే పద్యాలు. నాయనమ్మకి చదువు లేదు, పద్యంలో ప్రతి మాటా అర్థమయ్యేదని చెప్పలేను. అర్థం కానక్కర్లేకుండా పాడారు ఘంటసాల. పద్యాన్ని రాగం కోసం సాగదీయరు. మాట ఎక్కడ విరగాలో అక్కడ విరిచి, ఊపిరి తీసుకుని, తర్వాతి మాట అందుకుంటారు. ఆ క్యాసెట్టు వచ్చిన దగ్గర్నుంచీ నాయనమ్మ మందార చెట్టు జోలికి పోలేదు. తెల్లవారకముందే లేచి పారిజాతం చెట్టు కింద రాలిన పూలు సజ్జలోకి ఏరుకునేది. పారిజాతాలు రాలినవే పూజకి పనికొస్తాయి కదా, ఇటు దేవుడికీ లోటుండదు, అటు చెట్టుకీ నొప్పుండదు అనేది. పారిజాతాలు పూయని రోజుల్లో తులసి దళాలతోనే సరిపెట్టేది, అవి కోసేటప్పుడు కూడా ఏదో దణ్ణం పెట్టుకునేది.

ఘంటసాలగారి ప్రస్తావన వచ్చింది కాబట్టి భగవద్గీత సంగతి చెప్పాలి. ఆయన 1974 ఫిబ్రవరి 11న వెళ్ళిపోయారు. గీత రికార్డు జనంలోకి వచ్చింది ఆ తర్వాతే. ఇప్పుడు మన ఊళ్ళల్లో ఆ గొంతు మైకులో వినబడగానే, ఎవరు పోయారోనని గుమ్మంలోకి వచ్చి చూస్తారు. నాకు ఇది చాలా కష్టంగా ఉంటుంది. మా తాతయ్య రోజూ పొద్దున్నే కాఫీ తాగుతూ గీత వినేవారు. ఆయనకి అది బతికున్నవాళ్ళు వినాల్సిన పాట. శ్లోకం ఒక రాగంలో పాడి, వెంటనే తెలుగులో తాత్పర్యం చెప్పేటప్పుడు ఘంటసాల గొంతు మారుతుంది. పక్కన కూర్చుని మనకే చెప్తున్నట్టుంటుంది. అలాంటిదాన్ని శవయాత్రకి మాత్రమే వదిలేశాం. దయచేసి ఒక్క ఆదివారం పొద్దున ఇంట్లో పెట్టుకుని వినండి.

తాతయ్య అడిగి చేయించుకున్న ఒకే ఒక్క సినిమా పాట 'శివశంకరీ'. 1961 నాటి 'జగదేకవీరుని కథ', పింగళి నాగేంద్రరావుగారి రచన, పెండ్యాల నాగేశ్వరరావుగారి సంగీతం, దర్బారీ కానడ రాగం. సైడు చివర పట్టే పాట కాదు, చాలా పొడుగు. తెర మీద రామారావుగారు ఐదుగురై పాడుతూ వాయిస్తూ కనిపిస్తారు, టేపులో మాత్రం ఉన్నది ఒక్క ఘంటసాల. నాకు చూడటం కంటే వినడమే ఇష్టం. స్వరాలు వేగం అందుకున్న దగ్గర్నుంచి తాతయ్య పడక్కుర్చీ చెక్క మీద వేళ్ళతో తాళం వేస్తూ, ఎవరైనా పలకరిస్తే చెయ్యెత్తి ఆగమనేవారు.

ఇక మేం అడిగిన పాటలు. అన్నయ్యకి మహదేవన్, నాకు ఇళయరాజా. ఈ గొడవ ఇప్పటికీ తీరలేదు, తీరక్కర్లేదు కూడా. మహదేవన్ మామకి పాట ముందు రాసి ఇవ్వాల్సి వచ్చేది, దానికి ఆయన బాణీ కట్టేవారు. అందుకే ఆయన పాటల్లో మాట ఎక్కడా నలగదు. అన్నయ్య ఎప్పుడూ ఈ మాటే అంటాడు, నేను కాదనలేను. 1986లో వచ్చిన 'సిరివెన్నెల' వినండి. చేంబోలు సీతారామశాస్త్రిగారికి ఇంటిపేరు మార్చేసిన సినిమా. హరిప్రసాద్ చౌరాసియాగారి వేణువు పల్లవికీ చరణానికీ మధ్య వచ్చి, అప్పటిదాకా మాటలు చెప్పినదాన్నే మళ్ళీ మాటలు లేకుండా చెప్తుంది. 'విధాత తలపున' మొదటిసారి విన్నప్పుడు సాహిత్యం సగం కూడా అర్థం కాలేదు. అయినా క్యాసెట్టు వెనక్కి తిప్పి తిప్పి విన్నాను. శాస్త్రిగారు 2021 నవంబరులో వెళ్ళిపోయిన రోజు అన్నయ్య ఫోన్ చేసి ఏమీ మాట్లాడకుండా ఆ పాట పెట్టాడు.

'శంకరాభరణం' గురించి అందరూ రాశారు, నేను ఎక్కువ రాయను. బాలుగారికీ, వాణీ జయరాంగారికీ, మహదేవన్‌గారికీ ముగ్గురికీ జాతీయ అవార్డులు తెచ్చింది. శాస్త్రీయంగా సంగీతం నేర్చుకోని బాలుగారి చేత అంత బరువైన పాటలు పాడించడంలో, మామకి సహాయకుడిగా పక్కనుండే పుహళేందిగారి శ్రమ చాలా ఉంది. క్యాసెట్టు అట్టల మీద ఆయన పేరు కనపడదు. 1980 ఫిబ్రవరి 2న ఆ సినిమా వచ్చింది. 2023లో అదే ఫిబ్రవరి 2న దర్శకుడు విశ్వనాథ్‌గారు పోయారు, మరో రెండు రోజులకే వాణీ జయరాంగారు. ఆ వారమంతా మా ఇంట్లో 'ఏ తీరుగ నను' తప్ప ఇంకో పాట మోగలేదు.

నా ఇళయరాజా క్యాసెట్లలో అన్నిటికంటే అరిగిపోయింది 'సితార' ఉన్నది. వంశీగారి సినిమా, 1984. 'వెన్నెల్లో గోదారి అందం' వేటూరిగారు రాశారు, జానకిగారు పాడారు, ఆవిడకి జాతీయ అవార్డు వచ్చింది. గోదావరి ఒడ్డున ఉండేవాళ్ళకి ఆ పాట ఇంకోలా తగులుతుంది. వెన్నెల రాత్రి పుష్కరాల రేవు మెట్ల మీద కూర్చుంటే నది అందంగానే ఉంటుంది, కానీ ఆ నల్లటి నీళ్ళని చాలాసేపు చూస్తే కారణం తెలియకుండా మనసు బరువెక్కుతుంది. పాటలో అందమూ ఏడుపూ విడివిడిగా లేవు, అక్కడ మెట్ల మీద ఉన్నట్టే ఉన్నాయి. జానకిగారు ఏడుపుని గొంతు పైకి రానివ్వరు. గట్టిగా పాడాల్సిన చోట తగ్గిస్తారు, అక్కడే మన కళ్ళు తడుస్తాయి.

ఆ పాట మధ్యలో ఒకసారి రీలు హెడ్‌కి చుట్టుకుని నలిగిపోయింది. అన్నయ్య బ్లేడుతో ఆ ముక్క కోసేసి, రెండు కొసలూ చేర్చి వెనక సెల్లోటేపు అంటించాడు. క్యాసెట్లో టేపు సెకనుకి 4.76 సెంటీమీటర్ల వేగంతో నడుస్తుంది. రెండు వేళ్ళ వెడల్పు ముక్క పోయిందంటే ముప్పావు సెకను పాట పోయినట్టు. వయొలిన్లు కిందికి దిగే చోట చిన్న దూకుడు. నా చెవికి ఆ పాట అలాగే అలవాటైంది. ఫోన్లో శుభ్రమైన పాట వింటున్నా, అక్కడికి వచ్చేసరికి చెవి ముందే దూకేస్తుంది, వయొలిన్లు వెనకాల వస్తున్నట్టుంటాయి.

సీడీలు వచ్చాక షాపుకి జనం తగ్గారు. తర్వాత అక్కడ సెల్‌ఫోన్లు అమ్మారు, ఇప్పుడు బట్టల కొట్టుంది. షాపాయన మా ఇంటికి ఇచ్చిన పాటలెన్నో, ఆయన రాసిన అట్టలు మాత్రం చెక్కుచెదరలేదు. వాటి మీద పాట పేరుంది, సినిమా పేరుంది, కొన్నిటి మీద గాయకుల పేరుంది. రాసినవాళ్ళ పేరు లేదు, కట్టినవాళ్ళ పేరు లేదు. అంత చిన్న అట్ట మీద చోటు ఎక్కడిది, ఆయన తప్పు కాదు. కంపెనీ క్యాసెట్ల మీద కూడా చాలాసార్లు అంతే. అందుకని ఈ మధ్య ఒక్కో క్యాసెట్టూ విన్నాక, అట్ట వెనక ఖాళీగా ఉన్న వైపు పెన్సిల్‌తో పేర్లు రాస్తున్నాను. కృష్ణశాస్త్రి, పింగళి, కరుణశ్రీ, వేటూరి, సిరివెన్నెల. 'శంకరాభరణం' అట్ట మీద పుహళేంది.

నిన్న 'మాయాబజార్' క్యాసెట్టు దాకా వచ్చాను. 1957 సినిమా, సంగీతం ఘంటసాల అనే అందరికీ తెలుసు, తెర మీద పేరూ ఆయనదే. అయితే మొదట కొన్ని పాటలకి బాణీలు కట్టింది రాజేశ్వరరావుగారు. ఆయన తప్పుకున్నాక ఆ బాణీలకి వాద్యాలు సమకూర్చి, మిగతా పాటలన్నీ చేసి, సినిమాని ఒడ్డుకి చేర్చింది ఘంటసాలగారు. 'లాహిరి లాహిరి'లో మోహన రాగం అంత తేలిగ్గా తేలిపోతుంటే అది రాజేశ్వరరావుగారి చేతి వాటమని తెలుస్తూనే ఉంటుంది. ఆ అట్ట మీద ఇద్దరి పేర్లూ రాశాను.